గెంజి మిణుగురులు: అపోహలు, అసలు సంగతులు

జపాన్ వాగుల్లో ఉండే గెంజి మిణుగురుల మీద పనిచేసే మమ్మల్ని అందరూ అడిగేది అవి వెలిగే ఆ కొద్ది రోజుల గురించే. మిగతా ఏడాదంతా ఆ పురుగు ఎక్కడుంటుందో పట్టించుకోరు. చాలా అపోహలకు మూలం అదే.

"మిణుగురు బతికేది రెండు వారాలే"

రెక్కలొచ్చాక అంతే. నీటిబొట్లు తాగి బతుకుతుంది, తిండి తినదు. కానీ అంతకుముందు నెలల తరబడి వాగు అడుగున లార్వాగా, అంటే రెక్కలు రాని పిల్లపురుగుగా గడుపుతుంది. పగలు రాళ్ల కింద దాక్కుని, రాత్రిపూట కవానినా అనే నత్తల వేటకు బయల్దేరుతుంది. నత్తను కొరికి జీర్ణరసం వదులుతుంది, మాంసం కరిగి జావలా అయ్యాక పీల్చేస్తుంది. ఏప్రిల్ ప్రాంతంలో, వాన పడే రాత్రి, ఒళ్లు వెలుగుతుండగానే గట్టెక్కి, మెత్తటి మట్టిలో గూడు చేసుకుని ప్యూపాగా (రెక్కలొచ్చే ముందు దశ) మారుతుంది. నన్నడిగితే జూన్‌లో రెక్కలొచ్చినవి మెరిసే సందడి కంటే ఆ వాన రాత్రే చూడాలి. తడవడానికి సిద్ధపడాలి, అంతే.

"నీళ్లు శుభ్రంగా ఉంటే చాలు"

చాలవు. రాళ్ల మీద నాచు లేకపోతే నత్తలకు మేత లేదు, నత్తలు లేకపోతే లార్వాలు పస్తే. గట్లకు కాంక్రీటు పోస్తే లార్వా తవ్వుకోవడానికి మట్టి ఉండదు, ఆడపురుగు గుడ్లు పెట్టడానికి తడి నాచు దొరకదు. షిగాలోని నగావోకా మిణుగురులకు 1952లో ప్రభుత్వం ప్రత్యేక రక్షణ ఇచ్చినప్పుడు, అవి పుట్టే చోటును కూడా అందులో చేర్చింది.

"తగ్గిపోతే వేరేచోటి నుంచి తెచ్చి వదలొచ్చు"

ఇది వింటే నాకు టెన్షన్. పశ్చిమ జపాన్‌లో మగ గెంజిలు దాదాపు 2 సెకన్లకోసారి, తూర్పున 4 సెకన్లకోసారి కలిసి మెరుస్తాయి. వాటి వంశాలు కూడా వేరు. కలిపేస్తే స్థానిక మిణుగురుల తీరు చెదిరిపోతుంది. అయినా వాగు పాడై ఉన్నవే పోతుంటే, తెచ్చినవి మాత్రం ఎలా నిలుస్తాయి?

"మిణుగురులన్నీ నీళ్లలోనే పెరుగుతాయి"

కాదు. ప్రపంచంలో 2000కు పైగా జాతులున్నాయి, ఎక్కువ వాటి లార్వాలు నేల మీదే పెరుగుతాయి.

"ఒక్క ఫ్లాష్‌తో ఏమవుతుంది?"

మగది ఎగురుతూ మెరుస్తుంది, ఆకు మీద కూర్చున్న ఆడది మసకగా బదులిస్తుంది. మధ్యలో మన లైటు పడితే ఆ బదులు మగదానికి కనిపించదు. ఇవి ఎక్కువగా ఎగిరేది రాత్రి 8, 9 గంటల మధ్య. వెలుతురు ఉండగానే గట్టుకు చేరుకుంటే దారి చూసుకోవడానికి టార్చ్ అక్కర్లేదు.