జపమాలతో కునుకు తీసినవాడి మాట: ఆధ్యాత్మిక రచనపై అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా ఆధ్యాత్మిక వ్యాసాలు రాస్తున్నాను. ఈ పని గురించి చుట్టాలకూ స్నేహితులకూ కొత్తగా కలం పట్టినవారికీ కొన్ని గట్టి నమ్మకాలున్నాయి. వాటిలో చాలావరకు ఒకప్పుడు నాకూ ఉండేవి. పాఠకులే ఒక్కొక్కటిగా వదిలించారు.

అపోహ: అన్నీ తెలిసినవారే రాయాలి.

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు పట్టుకుని పిప్పలాదుడి దగ్గరికి వెళ్తారు. ఒక ఏడాది తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఇక్కడ ఉండండి, ఆ తర్వాత మీకు కావలసినవి అడగండి, మాకు తెలిస్తే అన్నీ చెబుతాం అంటాడాయన. 'మాకు తెలిస్తే' అన్నది సాక్షాత్తూ ఋషి. వారానికో వ్యాసం రాసుకునేవాడికి ఆ మాట అనడానికి నామోషీ దేనికి?

నా సంగతే చెబుతాను. 'కర్మణ్యేవాధికారస్తే' శ్లోకం గీతలో మూడో అధ్యాయంలోదని ఒకసారి రాసేశాను. పుస్తకం చేతికందే దూరంలోనే ఉంది, తీసి చూడలేదు. వారం తిరక్కుండా ఒక పోస్టుకార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలతో రెండే వాక్యాలు: 'అది రెండో అధ్యాయం, 47వ శ్లోకం. మూడో అధ్యాయం పేరు కర్మయోగం కాబట్టి అలా పొరబడి ఉంటారు.' కింద సంతకం. తప్పు పట్టుకోవడంతో ఆగక, అది నా బుర్రలో ఎలా పుట్టిందో కూడా కనిపెట్టారాయన. మొదట సిగ్గేసింది. కాసేపటికి, చెప్పుకుంటే వింతగా ఉంటుంది గానీ, పట్టరాని సంతోషం కలిగింది. అంత శ్రద్ధగా నన్ను చదివే మనిషి ఒకరున్నారని ఆ రోజే తెలిసింది. 'అద్భుతం గురువుగారూ' అని వచ్చే ఉత్తరాలు వంద చదివినా ఆ సంగతి తెలియదు.

అపోహ: పాఠకులు సమాధానాల కోసం రాస్తారు.

నేను ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. భర్తను పోగొట్టుకున్న ఒకావిడ, మనిషి పోయాక ఏమవుతాడని అడుగుతూ ఉత్తరం రాశారు. నేను విజృంభించాను. ఆత్మ నిత్యత్వం మీద నాలుగు పేజీలు, తాత్పర్య సహితంగా. పది రోజులకు జవాబు వచ్చింది: 'శ్లోకాలు మా ఇంట్లో కూడా ఉన్నాయండీ.' అంతే. మళ్లీ మళ్లీ చదివాను. ఆవిడ మొదటి ఉత్తరం తీసి చూస్తే, అందులో ప్రశ్న ఒక్క వాక్యమే, మిగిలిన రెండు పేజీలూ ఆయన గురించే. సాయంత్రం చెప్పులు ఎక్కడ విడిచేవారో, పేపరు ఏ పేజీ నుంచి మొదలుపెట్టేవారో. నేను ఆ రెండు పేజీలూ దాటేసి ప్రశ్నను పట్టుకున్నాను. క్షమించమని రాసి, పేపరు చివరి పేజీ నుంచి ఎందుకు చదివేవారని అడిగాను. ఈసారి ఆవిడ దగ్గర నుంచి ఐదు పేజీల ఉత్తరం వచ్చింది.

అపోహ: ఆధ్యాత్మిక రచనలో సొంత గోడు ఉండకూడదు.

సూరి నాగమ్మగారు 1945 నుంచి రమణాశ్రమ విశేషాలను తెలుగులో ఉత్తరాలుగా తన అన్నగారికి రాసేవారు. తర్వాత అవి పుస్తకంగా వచ్చాయి. ఒక్క అన్నగారిని ఎదురుగా పెట్టుకుని రాసినవి ఇంతమందికి ఎలా అందాయని ఆలోచించేవాణ్ణి. ఎదురుగా ఒకరున్నారనుకుంటే ఉపన్యాస ధోరణి దానంతటదే తగ్గిపోతుంది, బహుశా కిటుకు అదే.

మనోనిగ్రహం మీద ఒక వ్యాసం రాశాను. రెండు వారాలు కూర్చుని నిర్వచనాలతో చెక్కిన వ్యాసం. నాలుగో పేరాలో మాటవరసకు, జపం చేస్తూ నేను కునుకు తీసిన రోజులు చాలా ఉన్నాయని ఒక వాక్యం పడింది. కొట్టేద్దామనుకుని మరిచిపోయాను. ఆ వ్యాసానికి వచ్చిన ఉత్తరాలన్నీ ఆ వాక్యం గురించే! వాటిలో ఒకటి మందుల చీటీ వెనక పెన్సిలుతో రాసినది. మంచం పట్టిన తల్లిని రెండేళ్లుగా చూసుకుంటున్న అమ్మాయి. రాత్రి నాలుగుసార్లు లేవాలి. తెల్లవారుజామున మాల పట్టుకుంటే పదో పూస దగ్గరే తల వాలిపోతుంది, పాపం చేస్తున్నానేమోనని భయం. చివర ఇలా రాసింది: 'మీరు కూడా నిద్రపోతారని తెలిశాక, ఈ రోజు మాల సగంలోనే పక్కన పెట్టి అమ్మకు నోరు కడిగాను. తప్పు చేసినట్టు అనిపించలేదు.' నా నిర్వచనాలను ఆ అమ్మాయి చదివిందో లేదో తెలియదు.

అపోహ: భాష గంభీరంగా ఉంటేనే భక్తి. దీని మీద ఎక్కువ చెప్పను. అర్థం కాని వ్యాసాన్ని పొగిడేవారు ఉంటారు, ఉత్తరం రాసేవారు ఉండరు.

అపోహ: పాఠకుడు 'మీరే నా గురువు' అంటే అది రచయితకు దక్కిన గౌరవం.

నా మటుకు అది ప్రమాద సూచిక. శరణాగతి మీద నేను రాసినది చదివి, డాక్టరు ఇచ్చిన నిద్ర మాత్రలు మానేశానని ఒక పాఠకుడు గర్వంగా రాశారు. నాకు చేతులు చల్లబడ్డాయి. ఉత్తరం ఆలస్యమవుతుందని ఫోన్ నంబరు వెతికి మాట్లాడాను: అలాంటి మందులు ఒక్కసారిగా ఆపడమే హాని చేయవచ్చు, ముందు మీ డాక్టరును కలవండి, శరణాగతి ఎక్కడికీ పోదు. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు. తీవ్రమైన దిగులు, బతకాలని లేదన్న మాట ఉత్తరంలో కనిపిస్తే ఇప్పుడు నా జవాబులో వేదాంతం ఉండదు. వైద్యుణ్ణి కలవమని, ఇంట్లో ఒకరికి ఈ రోజే చెప్పమని రాస్తాను, మాట్లాడటానికి నేనున్నానంటాను.

పోస్టుకార్డు ఆయన ఇప్పటికీ రాస్తుంటారు. ఇంతవరకు నావి పదకొండు తప్పులు పట్టారు. వాటిలో రెండు అచ్చు తప్పులని నా వాదన, ఆయన ఒప్పుకోలేదు. పోయిన నెల వచ్చిన కార్డులో ఇలా ఉంది: 'ఈసారి తప్పు దొరకలేదు. ఒంట్లో బాగానే ఉందా?'