పెద్ద బాడీ ఉంటేనే మంచి ఫొటోలా? కెమెరా కొనేముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే కొత్తగా ఫీల్డ్‌లోకి వచ్చిన కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, ఏ బాడీ కొనమంటావు?" బాడీ అంటే లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా. లెన్స్ గురించి అడిగేవాళ్లు అరుదు. అప్పు చేసి ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) బాడీ కొని, ఇక డబ్బుల్లేక దానికి ఏదో చవక జూమ్ తగిలించుకుని తిరిగేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: ఫుల్ ఫ్రేమ్ లేకపోతే రాత్రి పెళ్లిళ్లు తీయలేం.

వాస్తవం: లెక్క వేసి చూడండి. ఫుల్ ఫ్రేమ్‌లో వెలుతురును పట్టే సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు. నికాన్, సోనీల ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సార్ల విస్తీర్ణం అందులో సగానికి కాస్త తక్కువ. అంటే అంత డబ్బు పోసి ఫుల్ ఫ్రేమ్‌కి మారితే కలిసొచ్చేది రెండింతల వెలుతురు, మహా అయితే ఇంకాస్త.

ఇప్పుడు లెన్స్ సంగతి. కెమెరాతోపాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెడితే ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం; అంకె తగ్గేకొద్దీ పెద్దది) 5.6 కంటే తెరుచుకోదు. అదే బాడీకి 50 ఎంఎం 1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) పెడితే దాదాపు పదింతల వెలుతురు వస్తుంది. ఏ కంపెనీలో చూసినా చవక లెన్సుల్లో అదొకటి.

తెల్లవారుజామున ముహూర్తం. జీలకర్ర బెల్లం పెట్టారు, అడ్డుతెర దించుతున్నారు, పెళ్లికూతురు కళ్లెత్తి చూసేది ఒక్క క్షణం. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 6400 పెడితేగానీ సెకనులో 1/125 వంతు షట్టర్ రాని చోట ప్రైమ్‌తో 640కే వస్తుంది. ముఖం మీద గ్రెయిన్ (గరుకు చుక్కలు) ఉండదు. అయితే 1.8లో ఒక చిక్కుంది: అమ్మాయి కన్ను షార్ప్‌గా ఉంటే కాస్త వెనకున్న పెళ్లికొడుకు మసకబారతాడు. ఇద్దరూ కావాలంటే 2.8కి రండి. అప్పటికీ కిట్ లెన్స్ కంటే నాలుగింతల వెలుతురే.

అపోహ: మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే ఆల్బమ్ అదిరిపోతుంది.

వాస్తవం: 12×18 అంగుళాల పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ చేయడానికి 20 మెగాపిక్సెల్స్ కూడా పూర్తిగా అక్కర్లేదు. 45 మెగాపిక్సెల్స్‌తో ముందు నిండేది మీ హార్డ్ డిస్క్.

అపోహ: ఖరీదైన కెమెరా అయితే ఆటో మోడ్‌లో అదే చూసుకుంటుంది.

వాస్తవం: కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లి చూడండి. ప్రభ (దేవుణ్ని ఉంచి మోసుకెళ్లే ఎత్తైన అలంకరించిన చట్రం) ఎగువ కౌశిక కాలువలో దిగి దాటుతుంటే వెనకంతా తెల్లటి ఆకాశం, కింద మోసేవాళ్ల ముఖాలు నీడలో. ఆటోలో పెడితే చాలాసార్లు కెమెరా ఆకాశాన్ని చూసి మనుషుల్ని నల్లగా చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచుకోవాలన్నది, ఆ వేళకి ఎండ ముఖాల మీద పడేది ఏ గట్టు నుంచి చూస్తేనో ముందురోజే వెళ్లి చూసుకోవాలన్నది మీకు తెలియాలి. జనం మీదపడ్డాక చోటు మారడం కుదిరే పని కాదు.

ఫంక్షన్ హాళ్లలోనూ అంతే. మన కరెంటు 50 హెర్ట్జ్, దానితో లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. ఎల్ఈడీ లైట్ల కింద చారలు వస్తుంటే షట్టర్ 1/100 లేదా 1/50కి తెండి, చాలావరకు పోతాయి. రంగుల గుడ్డ కట్టిన పందిట్లో ఫ్లాష్‌ను పై గుడ్డకు తగిలి కిందపడేలా బౌన్స్ చేస్తే ఆ రంగంతా పెళ్లికూతురి ముఖానికి అంటుకుంటుంది.

అపోహ: పాత లెన్సులు కొంటే డబ్బు దండగ.

వాస్తవం: లెన్స్‌ను బాడీకి బిగించే అమరిక మౌంట్. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987 నాటిది. బాడీలు ఎన్ని మారాయో! ఈఎఫ్ లెన్సులైతే అడాప్టర్ పెడితే కెనాన్ కొత్త ఆర్ సిరీస్ బాడీల మీద కూడా ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి. ఒక్క జాగ్రత్త: నికాన్ డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డీ లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ కావు. 2015లో వచ్చిన డీ7200లో మోటార్ ఉంది, రెండు కార్డ్ స్లాట్లూ ఉన్నాయి. పెళ్లిళ్లకు నేను బాడీలో పట్టుబట్టేది ఆ రెండో స్లాట్ కోసమే: ఒక కార్డు పాడైనా రెండోదాంట్లో కాపీ ఉంటుంది. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదండీ.

కోరింగ మడ అడవుల్లో లకుముకి పిట్టల్ని తీసేవాళ్లకు చిన్న సెన్సారే కలిసొస్తుంది. 300 ఎంఎం లెన్స్ నికాన్, సోనీ ఏపీఎస్-సీ మీద, ఫుల్ ఫ్రేమ్‌లో 450 ఎంఎం పెట్టినంత దగ్గరగా చూపిస్తుంది.

అపోహ: మంచి లెన్స్ కొంటే జీవితాంతం ఢోకా లేదు.

వాస్తవం: మన గాలిలో తేమకు ఢోకా ఉంది. వానాకాలం లెన్స్‌ను తోలు పౌచ్‌లో పెట్టి బీరువాలో పడేస్తే ఫంగస్ పట్టేస్తుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటర్ చాలు. తేమ 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే సగం ధరకిచ్చినా వద్దు. అవి గ్లాస్ మీది కోటింగ్‌ను తినేస్తాయి, క్లీన్ చేయించినా మచ్చ ఉండిపోవచ్చు.