60 వేల డాలర్ల గీత: హెచ్-1బీ జీతాల వెనుక కథ

విశాఖపట్నం ద్వారకానగర్‌లో వీసా కాగితాలు నింపిపెట్టే ఒక చిన్న కార్యాలయంలో ఈ మధ్య ఒక పెద్దాయన తన కూతురి ఎల్‌సీఏ (విదేశీ నిపుణులకు అమెరికా ఇచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా హెచ్-1బీ కోసం కంపెనీ దాఖలుచేసే జీతం హామీపత్రం) నకలును బల్లమీద పరిచారు. అందులో జీతం స్థాయిని చూపే నాలుగు గడుల్లో మొదటి దానికే టిక్కు ఎందుకు పెట్టారని అడిగారు. "అమ్మాయికి ఇక్కడ రుషికొండలో నాలుగేళ్ల అనుభవం ఉందండీ. ఒకటో లెవెల్ అంటే అప్పుడే కాలేజీ నుంచి వచ్చినవాళ్లకు కదా" అన్నారాయన. "అందరికీ అలాగే వస్తుందండీ" అని అక్కడివాళ్లు సర్దిచెప్పి పంపారు. ఆ ప్రశ్నకు జవాబు వాషింగ్టన్‌లో, శాసనకర్తల చుట్టూ కంపెనీలు, కార్మిక సంఘాలు, వృత్తి సంఘాలు తిరిగిన ముప్పై అయిదేళ్ల చరిత్రలో ఉంది.

వలస చట్టాల విషయంలో శాసనకర్తలను ఒప్పించే ప్రయత్నం అమెరికాలో కొత్తది కాదు. విదేశాల నుంచి ఒప్పందం మీద కూలీలను దించుకోవడాన్ని నిషేధించిన 1885 నాటి చట్టాన్ని నైట్స్ ఆఫ్ లేబర్ అనే కార్మిక సంఘం పట్టుబట్టి తెప్పించుకుంది. భారతీయులకు ఏడాదికి 100 మంది చొప్పున ప్రవేశాన్నీ, పౌరసత్వ హక్కునూ ఇచ్చిన 1946 నాటి లూస్-సెల్లర్ చట్టం వెనుక న్యూయార్క్ వ్యాపారి జె.జె. సింగ్ ఏళ్ల తరబడి చేసిన కృషి ఉంది. డబ్బు తీసుకుని ఈ పని చేసేవారు పేరు నమోదు చేసుకోవాలనీ, ఎవరి తరఫున ఏ విషయం మీద పనిచేశారో లెక్క చూపాలనీ 1995 నాటి చట్టం చెబుతోంది. అంటే లాబీయింగ్ అక్కడ బహిరంగంగా, చట్టబద్ధంగా సాగే వ్యవహారమే. ఆ ఖర్చు భరించగలిగినవారి మాటే ఎక్కువగా వినపడుతుందన్నదే నా అభ్యంతరం.

ఇప్పుడున్న హెచ్-1బీ 1990 చట్టంతో మొదలైంది. ఏడాదికి 65,000 వీసాలు, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతానికి తగ్గకుండా చెల్లిస్తామని యజమాని కార్మిక శాఖకు ఇచ్చే హామీపత్రం, ఈ రెండూ అందులో ముఖ్యం. ఆ హామీపత్రమే ఎల్‌సీఏ. అయితే కార్మిక శాఖ దాన్ని ఏడు రోజుల్లో తేల్చాలని, గడులన్నీ నింపారా, పైకి కనిపించే తప్పులేమైనా ఉన్నాయా అన్నంతవరకే చూడాలని చట్టమే పరిమితి పెట్టింది. అనుభవానికి తగిన లెవెల్ వేశారా లేదా అని ఆ దశలో తరచి చూసేవారు లేరు.

1990ల చివర అసలు పోరు మొదలైంది. 1997లో ఐటీఏఏ అనే పరిశ్రమ సంఘం అమెరికా కంపెనీల్లో 1,90,000 సాంకేతిక ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని ప్రకటించింది. ఆ సర్వేకు జవాబిచ్చిన కంపెనీలు మరీ తక్కువని అమెరికా కాంగ్రెస్‌కు లెక్కలు చూసిపెట్టే సంస్థ తర్వాత ఎత్తిచూపినా, అప్పటికే ఆ అంకె చర్చల్లో స్థిరపడిపోయింది. కార్మిక సంఘాల సమాఖ్య ఏఎఫ్ఎల్-సీఐఓ, ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ-యూఎస్ఏ వీసాల పెంపును వ్యతిరేకించాయి. చివరికి 1998లో కుదిరిన రాజీలో పరిశ్రమకు ఏడాదికి 1,15,000 వీసాలు దక్కాయి. ఎదుటి పక్షానికి కొన్ని రక్షణలు దక్కాయి: పని లేని రోజుల్లో బెంచ్ మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాలి, హెచ్-1బీ ఉద్యోగుల మీదే ఎక్కువగా ఆధారపడే కంపెనీలు స్థానికులను తొలగించి వారి స్థానంలో వీరిని పెట్టకూడదు. ఈ రెండో రక్షణకు ఒక మినహాయింపు ఉంది. ఉద్యోగికి 60,000 డాలర్లు గానీ అంతకు మించి గానీ ఇస్తే, లేదా అతనికి మాస్టర్స్ డిగ్రీ ఉంటే, ఆ నిబంధన వర్తించదు. 1998లో 60,000 డాలర్లంటే మంచి జీతం. ధరలతో పాటు ఆ అంకె కూడా పెరగాలన్న మాట చట్టంలో లేదు. డాలరు విలువ ప్రకారం అది ఈనాటికి దాదాపు రెట్టింపు కావలసి ఉండగా, ఆ గీత గీసినచోటే ఉండిపోయింది.

2000లో వీసాలు 1,95,000కు పెరిగాయి. సెనేట్‌లో ఆ బిల్లుకు వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు. 2004లో సంఖ్య మళ్లీ 65,000కు దిగింది. ఆ ఏడాది చివర వచ్చిన చట్టం అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20,000 వీసాలు కలిపి, జీతాలను నాలుగు లెవెళ్లుగా విడగొట్టమంది. పెద్దాయన చూపిన గడులు ఇవే. ఒక ఊళ్లో ఒకే వృత్తిలో ఉన్న 100 మందిని తక్కువ జీతం నుంచి ఎక్కువ జీతానికి వరుసగా నిలబెడితే, సుమారుగా 17వ మనిషి జీతం ఒకటో లెవెల్, 34వ మనిషిది రెండో లెవెల్, 50వ మనిషిది మూడోది, 67వ మనిషిది నాలుగోది. అంటే మొదటి రెండు లెవెళ్లూ నడిమధ్య జీతానికి కిందే ఉంటాయి. 2019లో ఆమోదం పొందిన ఉద్యోగాల్లో 60 శాతం ఈ రెండింటిలోనే ఉన్నాయని ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ లెక్కగట్టింది.

ఇంతకీ వీరి రాకతో అక్కడివారి జీతాలు తగ్గాయా? ఆర్థికవేత్తల మధ్య దీనిపై ఏకాభిప్రాయం లేదు. జాన్ బౌండ్, గౌరవ్ ఖన్నా, నికొలాస్ మొరాలెస్ అంచనా ప్రకారం విదేశీ నిపుణులు రాకపోయి ఉంటే 2001లో అమెరికన్ కంప్యూటర్ నిపుణుల జీతాలు 2.6 నుంచి 5.1 శాతం ఎక్కువగా ఉండేవి. అదే సమయంలో వీరి రాక వల్ల వినియోగదారులకూ కంపెనీలకూ మేలు జరిగింది. జొవాన్ని పెరి, అతని సహచరులు మాత్రం ఇలాంటి నిపుణులు ఎక్కువగా చేరిన నగరాల్లో పట్టభద్రులైన స్థానికుల జీతాలు పెరిగాయని తేల్చారు. నా దృష్టిలో అసలు విషయం ఉద్యోగిని ఒకే యజమానికి కట్టిపడేయడం. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో యజమానిని చూసుకోవాలి, లేదంటే దేశం విడవాలి. అలాంటి మనిషి జీతం పెంచమని గట్టిగా అడగలేడు. అతను అడగలేనప్పుడు పక్క బల్ల దగ్గరి అమెరికన్ అడిగినా బలం ఉండదు.

ఈ తీరానికి అది తెలియని సంగతి కాదు. విశాఖపట్నం, గంజాం జిల్లాల కూలీలు స్టీమర్లెక్కి రంగూన్ రేవుకు, బియ్యం మిల్లులకు వెళ్లిన కాలంలో, కూలీలను కుదిర్చే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా అతను చెప్పిన చోటే పనిచేయాలి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మెకట్టగా యాజమాన్యాలు బర్మావారిని పనిలో పెట్టుకున్నాయి, సమ్మె ముగిశాక వారిని పొమ్మన్నాయి. ఆ ఆగ్రహం యాజమాన్యాలను తాకలేదు, తెలుగు కూలీల మీద విరుచుకుపడింది. వర్తక మండళ్లకు అప్పటి బర్మా శాసనసభలో సొంత స్థానాలుండేవి, అంటే యాజమాన్యాల మాటకు అక్కడ చోటుండేది. 1960లలో అక్కడి నుంచి తిరిగివచ్చిన కుటుంబాలు స్థిరపడిన బర్మా క్యాంపు కంచరపాలెం వైపు ఇప్పటికీ ఉంది.

అమెరికాలో తర్వాత జరిగిన ప్రయత్నాలేవీ ఉద్యోగిని యజమానికి కట్టేసే ఆ కట్టును విప్పలేదు. వీసాలనూ జీతాలనూ కలిపి పెంచే బిల్లు 2013లో సెనేట్‌లో 68-32తో నెగ్గినా ప్రతినిధుల సభ దాన్ని చేపట్టలేదు. అందులో భారతీయ కంపెనీలకు అడ్డుపడే నిబంధనల మీద భారతీయ ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ కూడా గట్టిగా పోరాడింది. 2020 అక్టోబరులో ఒకటో లెవెల్‌ను ఆ వరుసలో 17వ మనిషి జీతం నుంచి 45వ మనిషి జీతానికి లేపుతూ తెచ్చిన నియమాన్ని, ప్రజాభిప్రాయం అడగకుండా తెచ్చారన్న కారణంతో డిసెంబరులో కోర్టు కొట్టేసింది. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు 1,00,000 డాలర్ల రుసుము ప్రకటించారు. ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది కానీ ఉద్యోగి జీతంలో చేరదు.

ఉద్యోగులే స్వయంగా శాసనకర్తల గదుల తలుపులు తట్టిన సందర్భం ఒకటుంది. ఇమిగ్రేషన్ వాయిస్ అనే సంఘం తరఫున భారతీయ ఉద్యోగులు ఏళ్ల తరబడి వాషింగ్టన్ వెళ్లి, గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిని ఎత్తేయమని అడిగారు. గ్రీన్‌కార్డు చేతికొస్తే యజమానిని వదిలి మంచి జీతానికి వెళ్లవచ్చు. తాత్కాలిక వీసాల కంటే గ్రీన్‌కార్డులే మేలని ఐఈఈఈ-యూఎస్ఏ చాలాకాలంగా చెబుతున్నదీ ఇదే. తమ నిరీక్షణ పెరుగుతుందని ఇతర దేశాల వలసదారులు అభ్యంతరం చెప్పారు. ఆ భయం అన్యాయమైనది కాదు. ఆ పరిమితిని ఎత్తేసే బిల్లు 2019 జులై 10న ప్రతినిధుల సభలో 365-65తో గెలిచింది. 2020 డిసెంబరు 2న సెనేట్ దాని మరో రూపాన్ని ఆమోదించింది. ఆ రెంటినీ ఒక్కటి చేసేలోపే, 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు తీరి, బిల్లు మురిగిపోయింది.