ఊడిపోయే పళ్లకు వైద్యమెందుకు? పిల్లల పుచ్చుపళ్లపై అపోహలు - వాస్తవాలు

పిల్లల దంతవైద్యురాలిగా నేను ప్రతి వారం వినే మాట ఒకటుంది: "ఎట్లాగూ ఊడే పన్నే గదా మేడమ్, పీకేస్తే అయిపోతది గదా, దానికి రూట్ కెనాల్ ఎందుకు?" మియాపూర్ అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ ఇదే అడుగుతారు, పాతబస్తీ నుంచి వచ్చే ఆటో డ్రైవర్లూ ఇదే అడుగుతారు. ఈ ప్రశ్న నా దాకా వచ్చేసరికే ఆ బిడ్డ చాలా రోజులుగా ఒకవైపే నములుతూ, రాత్రిళ్లు చెంప పట్టుకుని లేచి ఏడుస్తూ ఉంటుంది. పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కాబట్టి ముందుగా, వివరంగా దీని గురించే రాస్తున్నాను.

అపోహ: పాలపళ్లు ఊడిపోయేవే కాబట్టి పుచ్చినా ఫరవాలేదు.

వాస్తవం: పాలపళ్లన్నీ ఒకే వయసులో ఊడవు. ముందు పళ్లు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఊడతాయి గానీ, దవడ పాలపళ్లు 10 నుంచి 12 ఏళ్ల వరకు నోట్లోనే ఉంటాయి. అంటే నాలుగేళ్ల బిడ్డకు దవడ పన్ను పుచ్చితే, ఆ పంటితోనే ఇంకా ఆరేడేళ్లు అన్నం నమలవలసి ఉంటుంది. పాలపన్ను మీది ఎనామిల్ పొర పలుచగా ఉంటుంది, లోపలి నరం పైకి దగ్గరగా ఉంటుంది. అందుకే పెద్దలలో ఏళ్లు పట్టే పుచ్చు పిల్లలలో కొన్ని నెలల్లోనే నరం దాకా చేరుతుంది. అక్కడి నుంచి వేర్ల కింద చీము పడుతుంది. ఆ వేర్ల మధ్యనే, ఎముక లోపల, తరువాత రావలసిన శాశ్వత దంతం తయారవుతూ ఉంటుంది కనుక, చీము ఎక్కువ కాలం నిలిచిపోతే ఆ కొత్త పన్ను పసుపు లేదా గోధుమరంగు మచ్చలతో, గుంటలతో పుట్టవచ్చు.

పీకేస్తే సరిపోతుందన్నదీ నిజం కాదు. దవడ పాలపన్ను కాలానికి ముందే పోతే, వెనకున్న పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది; కింద నుంచి వచ్చే పంటికి చోటు దొరకక అది వంకరగా వస్తుంది, లేదా లోపలే ఇరుక్కుపోతుంది. తప్పనిసరిగా తీయవలసి వచ్చినప్పుడు ఆ చోటును కాపాడేందుకు స్పేస్ మెయింటెయినర్ పెట్టడం అందుకే. నేడు రూట్ కెనాల్ ఖర్చు మిగిలిందనుకున్న వారు, 13 ఏళ్ల వయసులో అదే బిడ్డకు క్లిప్పులు వేయించడానికి అంతకు ఎన్నో రెట్లు పెట్టడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇంతకంటే బాధ కలిగించేది మరొకటి. ఈ మధ్య ఎనిమిదేళ్ల పాపను ఆమె తండ్రి తీసుకువచ్చి, కింది దవడలో బాగా పుచ్చిన పంటిని చూపించి, "పాలపన్నే గదా" అన్నారు. ఆయన చేతికి చిన్న అద్దం ఇచ్చి, ముందు నడిమి పంటి నుంచి ఒకవైపుగా ఒక్కొక్కటీ లెక్కపెట్టమన్నాను. అయిదు దాటి ఆరో పంటి దగ్గర ఆయన వేలు ఆగింది. ఆరోది పాలపన్ను కాదు. అది ఆరేళ్ల వయసులో, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ల వరుస వెనక వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను. దాని స్థానంలో ఇంకొకటి రాదు. ఏదీ ఊడలేదు కనుక అది కొత్త పన్నని తల్లిదండ్రులకు తెలియదు, మీద గుంటలు లోతుగా ఉండటం వల్ల అది త్వరగా పుచ్చుతుంది. మీ బిడ్డకు ఆరేళ్లు నిండి ఉంటే ఈ రాత్రే టార్చిలైటు వేసి లెక్కపెట్టి చూడండి. ఆ పన్ను పూర్తిగా బయటికి వచ్చి ఉంటే, పుచ్చక ముందే గుంటలను సీలెంట్‌తో మూయించవచ్చు, దానికి ఇంజెక్షన్ అవసరం లేదు.

అపోహ: పిల్లల పేస్టులో ఫ్లోరైడ్ ఉంటే ఎముకలు పాడవుతాయి.

ఈ భయాన్ని నేను ఎప్పుడూ తేలికగా తీసుకోను. మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబాలు, కాళ్లు వంకరపోయిన తమవాళ్లను కళ్లారా చూసినవి. అయితే అక్కడ హాని చేసింది రాతిపొరల నుంచి ఫ్లోరైడ్ అధికంగా కరిగిన భూగర్భజలాన్ని ఏళ్ల తరబడి తాగడం. హైదరాబాద్ కుళాయిలకు ప్రధానంగా వచ్చేది కృష్ణా, గోదావరి, మంజీరా నీరు. పేస్టు సంగతికి వస్తే, మూడేళ్లలోపు బిడ్డకు వాడవలసింది బియ్యపు గింజంత మాత్రమే. 1000 పీపీఎం (అంటే గ్రాముకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్) ఉన్న పేస్టులో అంత భాగాన్ని బిడ్డ పూర్తిగా మింగినా లోపలికి వెళ్లేది సుమారు 0.1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీటిని ఒక్క గ్లాసు తాగినా అంతకంటే ఎక్కువే చేరుతుంది. మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. మీ కాలనీలో బోరు నీరే తాగుతుంటే ఆ నీటిని పరీక్ష చేయించండి, పేస్టును మాత్రం మానేయకండి. బ్రష్ చేయించేటప్పుడు పెద్దలు పక్కనే ఉండాలి, ఏడెనిమిదేళ్ల వరకు.

అపోహ: మేము చాక్లెట్లు ఇవ్వం కాబట్టి పుచ్చు రాదు.

నోటిలోని సూక్ష్మక్రిములకు చక్కెర చాక్లెట్ రూపంలోనే అందనక్కరలేదు. అవి తయారుచేసే ఆమ్లమే పంటిని కరిగిస్తుంది. ఆ కరిగినదాన్ని లాలాజలం మెల్లగా పూడుస్తుంది, కానీ అందుకు వ్యవధి కావాలి. గంటకోసారి బిస్కెట్, సాయంత్రం చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్, పడుకునే ముందు చక్కెర కలిపిన పాల సీసా ఇస్తూ పోతే ఆ వ్యవధి దొరకదు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కనుక నోట్లో సీసాతో నిద్రపోయే పిల్లలకు పై ముందు పళ్లే మొదట పుచ్చుతాయి. చిగుళ్ల అంచున సుద్దగీతలా తెల్లటి చారలు కనిపిస్తే అది తొలి దశ. అప్పుడే వస్తే ఫ్లోరైడ్ పూతతో, అలవాట్ల మార్పుతో ఆపవచ్చు. బెల్లం, తేనె కూడా పంటికి చక్కెర వంటివే.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. పుచ్చుకు కారణం కాల్షియం లోపం కాదు, నోట్లోకి వచ్చిన పంటిని కాల్షియం సిరప్ గట్టిపరచదు. పంటిలో పురుగు ఉండదు. చెవిలో పసరు పోసి పురుగు తీశామనే వారి దగ్గరకు బిడ్డను దయచేసి తీసుకువెళ్లకండి. పై పన్ను తీస్తే చూపు పోతుందన్నది పూర్తిగా అబద్ధం, పంటి నరానికీ కంటిచూపు నరానికీ సంబంధం లేదు.

చికిత్స అనగానే డ్రిల్లింగ్‌కు భయపడి వాయిదా వేసేవారికి ఒక మాట. నరం దాకా వెళ్లని పుచ్చును సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు ద్రవం పూసి ఆపే వీలుంది. పుచ్చిన భాగం నల్లబడుతుంది, కానీ బిడ్డకు నొప్పి ఉండదు. తగిన పంటికి డ్రిల్లింగ్, ఇంజెక్షన్ లేకుండానే స్టీలు క్యాప్ తొడిగే పద్ధతి కూడా ఉంది. ఖర్చు భరించలేనివారు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లవచ్చు.

వాపు వచ్చినప్పుడు మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసి ఊరుకోకండి. వాపు తగ్గినా చీముకు మూలమైన పన్ను అలాగే ఉంటుంది, వాపు మళ్లీ వస్తుంది. చెంప వాపు కంటి వైపు పాకినా, దవడ కింద గట్టిపడినా, జ్వరంతో బిడ్డ మింగలేకపోయినా, నోరు తెరవలేకపోయినా, తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.