పందికొక్కు ఆస్ట్రేలియా చేరిన దారి

ఇంగ్లిష్ నిఘంటువులో 'బాండికూట్' అనే మాట పుట్టుక వెతికితే లాటిన్ అనో ఫ్రెంచ్ అనో ఉండదు. తెలుగు అని ఉంటుంది. అది మన పందికొక్కే. కావ్యాల్లోంచో కోటల్లోంచో కాదు, వరిమడి గట్ల మీద నుంచి వెళ్లిన మాట. అందుకే నాకు దానిమీద అంత మమకారం.

పందికొక్కుని దగ్గరగా చూసినవాళ్లకు ఆ పేరెందుకో చెప్పక్కర్లేదు. బలిసిన ఒళ్లు, ముతక వెంట్రుకలు, బెదిరిస్తే పందిలా గుర్రుమనే గొంతు. కోతల కాలంలో కలుగు తవ్వితే లోపల వరికంకులు కట్టలుకట్టలుగా దాచిపెట్టి ఉంటాయి. నెల్లూరు వైపు యానాదులు ఎలుకలతోపాటు ఆ గింజలూ తవ్వి తెచ్చుకునేవాళ్లు. 'పందికొక్కుల్లా మేశారు' అని ఇప్పటికీ తిడతాం కదా!

పంది, కొక్కు (ఎలుక) అనే ఈ జోడీలో 'పంది' చాలా పాతది. తమిళంలో పన్ఱి, మలయాళంలో పన్ని, తుళులో పంజి. కన్నడంలో హంది అంటారు గానీ, పాత కన్నడంలో అదీ పందే. 'పాలు' అక్కడ 'హాలు' అయినట్టే ఇదీ మారింది. ఇన్ని అక్కచెల్లెళ్ల దగ్గర ఉందంటే అది మూల ద్రావిడ భాష నాటి సొత్తన్నమాట.

ఇంగ్లిష్ కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. 18వ శతాబ్దం ముగిసేలోపు ఈ మాట వాళ్ల రాతల్లోకి ఎక్కేసింది. ప-కారం కాస్తా బ-కారమైంది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి శాస్త్రీయంగా 'బాండికోటా' అని పేరు పెట్టాడు. యూల్, బర్నెల్ 1886లో తెచ్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో 'పందికొక్కు' అన్న తెలుగు రూపం, దాని అర్థం రెండూ ఉన్నాయి.

అంతకుముందే, 1799లో, నావికుడు జార్జ్ బాస్ ఆస్ట్రేలియాలో పొడుగు మూతితో మట్టి తవ్వుకునే ఒక చిన్న జంతువుని అదే పేరుతో పిలిచాడు. నిజానికి అది ఎలుకే కాదు. కంగారూలాగా పిల్లల్ని సంచిలో మోస్తుంది. ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పడకుండా. చుట్టరికం లేకపోయినా పేరు మాత్రం అతుక్కుపోయింది.

అక్కడ అది క్రియ కూడా అయింది. పైన మొక్క కదలకుండా కింద నుంచి బంగాళాదుంపలు తవ్వి తీసుకుపోతే, ఆస్ట్రేలియన్లు దాన్ని 'బాండికూట్ చేయడం' అంటారు.