వందేళ్లు దాటి వెనక్కి వెళ్లిపోయిన అమ్మాయి

ప్రియమైన పిల్లలకు,

మీరు పంపిన కథ ఒక్క రాత్రిలో చదివేశాను. ఆఫీసూ ఫోనూ ట్రాఫిక్కూ భరించలేక ఒక అమ్మాయి 1880ల నాటి అమెరికా నగరంలోకి జారిపోవడం, అక్కడ గుర్రబ్బండి దిగుతున్న అబ్బాయిని చూసి మనసు పారేసుకోవడం, ఇక వెనక్కి రానని మొండికెయ్యడం, అన్నీ బాగున్నాయి. చివరి ఉత్తరం దగ్గర నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. ఇలాంటి కథల్లో అందరూ వెనక్కే ఎందుకు పోతారు, ప్రేమ లేకుండా ఎందుకు రాయరు, నిజంగా అలా వెళ్లొచ్చా అని అడిగారు కదా. నాకు తోచింది రాస్తున్నాను.

వెనక్కి వెళ్తే మొదట దొరికే సుఖం, అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ ఉండకపోవడం. ఆ అమ్మాయికి 1880ల్లో బాస్ లేడు, కట్టాల్సిన వాయిదాలు లేవు, పెళ్లెప్పుడని వేధించే చుట్టాలు లేరు. రచయిత తెలివిగా ఆమెకు ఒక పెద్దింట్లో అతిథిగా చోటు కూడా చూపించాడు. పైగా ముందు ఏం జరగబోతుందో ఆమెకు తెలుసు. ఏ యుద్ధం ఎప్పుడొస్తుందో, ఎవరు గెలుస్తారో అన్నీ బళ్లో చదివేసింది. మనకు రేపంటే టెన్షన్, ఆమెకు రేపంటే పాత పాఠం. గతం అంత ప్రశాంతంగా కనిపించడానికి సగం కారణం ఇదే. అందులో బతికినవాళ్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

ఆ నగరంలో జనం నిజంగా ఎలా ఉన్నారో మీ రచయిత చెప్పలేదు, నేను చెప్తాను. ఆమె ఏ పరుగు నుంచి పారిపోయిందో సరిగ్గా అదే పరుగు గురించి వాళ్లూ గోల పెడుతున్నారు! జార్జ్ బేర్డ్ అనే అమెరికన్ డాక్టరు 1869లో ఒక జబ్బు గురించి రాశాడు. తలనొప్పి, నిద్రపట్టకపోవడం, దేనిమీదా ఓపిక లేకపోవడం దాని లక్షణాలు. నరాల శక్తి అరిగిపోవడం వల్ల వస్తుందని ఆయన నమ్మకం. 1881లో దీనిమీద ఏకంగా ఒక పుస్తకమే తెచ్చి, కొత్త కాలమే దీనికి కారణమని ఐదు విషయాలు వేలెత్తి చూపించాడు. ఆవిరి యంత్రాలు, పత్రికలు, టెలిగ్రాఫ్, సైన్సు, ఐదోది ఆడవాళ్లు బుర్రకు పని చెప్పడం. (ఆ ఐదోది చదివి మీ అమ్మమ్మ ఏమందో ఇక్కడ రాయను.) గడియారాలనూ ఆయన వదల్లేదు. చేతిలో గడియారం ఉంటే ఆలస్యమవుతుందేమోనన్న బెంగ మనిషిని తినేస్తుందట. మన ఫోను గురించి మీ నాన్న అనే మాటలే కదూ?

కాబట్టి మన కథానాయిక అక్కడ దిగి, "నేను చాలా అలిసిపోయాను, నాకు ప్రశాంతత కావాలి" అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్తారు. వెయిర్ మిచెల్ అనే ఇంకో పేరున్న డాక్టరు అలాంటి ఆడవాళ్లకు పెట్టిన వైద్యం ఏమిటంటే, వారాల తరబడి మంచం దిగకూడదు, పాలూ తిండీ బాగా పట్టించాలి, చదవకూడదు, రాయకూడదు, ఇంట్లోవాళ్లను కలవకూడదు. ఆ అబ్బాయికి చివరి ఉత్తరం రాయడానికి ఆమెకు కలం కూడా దక్కేది కాదు.

ఇక రోగాల సంగతి. దీని గురించి ఈ కథలు మాట్లాడవు, మాట్లాడితే ప్రేమ సాగదు. ఒక్కటి చెప్పి వదిలేస్తాను. 1924లో, అంటే మీ కథ జరిగిన నలభై ఏళ్ల తరవాత, అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ కొడుకు టెన్నిస్ ఆడుతుంటే కాలివేలికి బొబ్బ లేచింది. అది చీముపట్టి, విషం రక్తంలోకి ఎక్కి పిల్లవాడు కొద్దిరోజుల్లోనే చనిపోయాడు. పదహారేళ్లు. దేశంలో అందరికంటే మంచి వైద్యం అందే ఇల్లు అది. అలాంటి చీమును ఆపే మందు పెన్సిలిన్‌ను కనిపెట్టింది 1928లో, రోగులకు మందుగా అందింది 1940ల్లో.

ప్రేమ ఎందుకంటారా? కథ రాసేవాడి వైపు నుంచి చూడండి. ఉద్యోగం విసుగొచ్చిందని పారిపోయినవాళ్లు వారం తిరక్కుండా వేడినీళ్ల కోసం వెనక్కొచ్చేస్తారు. ఆమె అక్కడే ఉండిపోవాలంటే, వెంట తెచ్చుకోలేనిది ఒకటి అక్కడ ఉండాలి. నగలు తెచ్చుకోవచ్చు, ఫొటోలు తెచ్చుకోవచ్చు. మనిషిని తీసుకురానివ్వకుండా ఏదో ఒక నియమం పెడతారు. ఆ నియమం ఎంత గట్టిదైతే కథ అంత బాగుంటుంది. మీ కథలో నాకు నచ్చని చోటు కూడా ఇదే. గతంలోకి దారితీసే తలుపు పౌర్ణమికే తెరుచుకుంటుందని నాలుగో అధ్యాయంలో అన్నాడు, పదో అధ్యాయంలో అవసరమొచ్చేసరికి పట్టపగలే తెరిచేశాడు. అలా చేస్తే ఎడబాటుకు విలువేముంది?

మీ కథలోని లాకెట్ గురించి మాత్రం ఒకసారి ఆలోచించండి. ముసలితనంలో ఆ అబ్బాయి దాన్ని ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని వెనక్కి తీసుకెళ్లి కుర్రవాడిగా ఉన్న అతనికే ఇచ్చింది. అదే లాకెట్‌ను అతను దాచి, ముసలివాడయ్యాక మళ్లీ ఆమెకిచ్చాడు. మరి దాన్ని చేసిన కంసాలి ఎవరు? ఎప్పుడు చేశాడు? పోనీ, తిరిగిన ప్రతిసారీ అది కొంచెం అరగాలి కదా? జవాబు దొరికితే నాకు రాయండి.

ఇక నిజంగా వెళ్లొచ్చా అంటే, ముందుకు వెళ్లొచ్చు. కొంచెంగా అందరం వెళ్తూనే ఉన్నాం. వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. 1971లో ఇద్దరు శాస్త్రవేత్తలు పరమాణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో ప్రపంచం చుట్టూ తిప్పి, నేలమీది గడియారంతో పోల్చి చూస్తే లెక్కకు తగ్గట్టే తేడా వచ్చింది, నానోసెకన్లలో. మీ ఫోనుకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు వేగం వల్ల కొంత వెనకబడినా, భూమి ఆకర్షణ తగ్గేకొద్దీ గడియారం వేగంగా నడుస్తుంది, అక్కడ అది తక్కువ కాబట్టి మొత్తం మీద రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ తేడా సరిచెయ్యకపోతే మ్యాపు మిమ్మల్ని పక్క ఊళ్లో దింపుతుంది.

వెనక్కి మాత్రం ఎవరూ వెళ్లలేదు. స్టీఫెన్ హాకింగ్ అనే శాస్త్రవేత్త 2009 జూన్ 28న కాలంలో ప్రయాణించేవాళ్లకు విందు ఏర్పాటు చేసి, ఆహ్వానాలను విందు అయిపోయాకే బయటపెట్టాడు. కాలంలో వెనక్కి రాగలిగినవాళ్లే అందుకోగల పిలుపు అది. ఒక్కరూ రాలేదు.

మన భాగవతంలో రైవతుడనే రాజు కథ కూడా ముందుకు వెళ్లేదే, గమనించారా? కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్లాడు. అక్కడ పాట జరుగుతుంటే కాసేపు ఆగాడు. పాట అయ్యాక అడిగితే బ్రహ్మ నవ్వాడు. నువ్వు అనుకున్న వరులు, వాళ్ల కొడుకులు, మనవలు కూడా పోయారు, భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచాయి అన్నాడు. రేవతిని బలరాముడికిచ్చి పెళ్లిచేశారు. తండ్రి తపస్సుకు పోయాడు. తెలిసినవాళ్లు ఒక్కరూ మిగలని లోకంలో ఆ అమ్మాయి మొదటిరోజు ఎలా గడిపిందో ఎవరూ రాయలేదు. మీలో రాసే అలవాటున్నవాళ్లు ఆ రోజు పట్టుకోండి. తలుపులూ పౌర్ణములూ అక్కర్లేదు, నియమం తప్పే భయమూ లేదు. రాశాక నాకు పంపండి, తప్పులుంటే మొహమాటపడకుండా చెప్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య