సంక్రాంతి తేదీ పెద్దగా కదలదు, ఉగాది ఎందుకు కదులుతుంది?

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి అమ్మమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

సంక్రాంతి ఏటా దాదాపు ఒకే తేదీకి వస్తుంటే, ఉగాది మాత్రం ఒకసారి మార్చిలో, ఒకసారి ఏప్రిల్‌లో ఎందుకొస్తుందని మొన్న అడిగారు కదా. ఫోన్‌లో చెబితే నిలవదని రాస్తున్నాను.

సంక్రాంతిది సూర్యుడి లెక్క. సూర్యుడు మకరరాశిలోకి వచ్చే రోజు అది, కాబట్టి జనవరి 14నో 15నో వస్తుంది. అదీ ఎప్పటికీ అక్కడే ఉండదు. సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేదీ పెరుగుతూ ఉంటుంది. వివేకానందుడు 1863 జనవరి 12న పుట్టాడు, ఆ రోజు సంక్రాంతే!

ఉగాదిది చంద్రుడి లెక్క, చైత్ర శుద్ధ పాడ్యమి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే. అంటే సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. అందుకే 2025లో మార్చి 30న వచ్చిన ఉగాది 2026లో మార్చి 19కి వచ్చేసింది. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్లకు ఉగాది నడిచలికాలంలో పడుతుంది. అప్పుడు పచ్చడిలోకి వేపపువ్వు ఎక్కడ తెస్తాం, మామిడికాయ ఎక్కడ కోస్తాం? అందుకని పెద్దలు రెండున్నర, మూడేళ్లకోసారి ఒక నెల అదనంగా కలిపారు. అదే అధికమాసం. 2026లో జ్యేష్ఠం రెండుసార్లు వస్తుంది కాబట్టి 2027 ఉగాది ఏప్రిల్ 7కి వెళ్తుంది. పండుగను పంటకు, పూతకు దూరం కానివ్వని ఈ లెక్కంటే నాకెంతో గౌరవం.

ఇక సంక్రాంతి. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవగానే తెల్లవారుజామున ముగ్గులు, గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడిపూలు. అప్పటికి ధాన్యం ఇంటికి చేరుతుంది. అందుకే అది నలుగురికీ పెట్టే పండుగ. హరిదాసు ఎవరినీ అడగడు, పాడుకుంటూ వాకిట్లోకి వస్తాడు. పిల్లలు దోసిట్లో బియ్యం తెస్తే, తలమీది పాత్ర అందేలా కిందికి వంగుతాడు. మీ అమ్మ చిన్నప్పుడు ఆ బియ్యం పోసే వంతు కోసం అన్నయ్యతో పోట్లాడేది! కొత్త బియ్యం నానబెట్టి, తడిపిండి ఆరిపోకముందే బెల్లం పాకంలో కలిపితేనే అరిసె మెత్తగా వస్తుంది. వరంగల్లులో మీ నానమ్మ సకినాలు చుడుతుందిగా, ఆ బియ్యప్పిండిలో నువ్వులు, వాము వేస్తారు. ఈసారి వెళ్లినప్పుడు దగ్గర కూర్చుని నేర్చుకోండి.

కనుమ నాడు ఎద్దులకు కాడి కట్టరు. వాటిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, గంటలు కడతారు. మనుషులకు గారెలు, కనుమ నాడు మినుము తినాలంటారు. ఆ రోజే మన కోనసీమలో జగ్గన్నతోట తీర్థం. పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, అక్కడ చేరతారు. వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక నదిలోకి దిగి దాటిస్తారు. దారిలో పచ్చటి చేలు తొక్కుకుంటూ పోయినా రైతులు కాదనరు, తమ చేను మీదుగా ప్రభ వెళ్లడం అదృష్టమనుకుంటారు.

వేసవి పండుగల తీరు వేరు. అప్పుడు నూనె వంటలు ఒంటికి పడవు. శ్రీరామనవమికి బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకం, నానబెట్టిన వడపప్పు, అంతే. పందిరి కింద ఎవరొచ్చినా గ్లాసుతో ఇస్తారు. తర్వాత ఎండలు ముదిరితే వీధి మొగల్లో చలివేంద్రాలు పెడతారు. నా దృష్టిలో అదీ పండుగంత మంచి పనే. జ్యేష్ఠ పున్నమికి ఏరువాక. కనుమ నాడు అలంకరించిన ఎద్దులనే మళ్లీ అలంకరించి, తొలిసారి అరక కడతారు.

ఈ ఉత్తరంతో పాటు ఒక పంచాంగం పంపిస్తున్నాను. వారం రోజులు రోజూ తిథి చూసి, రాత్రి మేడెక్కి చంద్రుడు ఎంతున్నాడో బొమ్మ గీసి, పక్కన తిథి రాసి నాకు పంపండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ